ఆ చేతులు హీరోవి కావు

మా బాపు, అంటే నాన్న, చనిపోయిన వారంలోనే తమ్ముడు ఆ వీడియో పంపాడు.

కరోనా రెండోసారి ఊరిమీద పడ్డ రోజులవి. సూరత్‌లో, లింబాయత్‌లోని మా పుట్టింట్లో నేనూ అమ్మా తలుపులు వేసుకుని ఉన్నాం. ఇద్దరికీ జ్వరం తగ్గింది గానీ దగ్గు వదల్లేదు. నా భర్తా పిల్లలూ అదే ఊళ్లో ఆల్థాన్‌లో, తమ్ముడు ఇంకో చివర కోసాడ్‌లో ఉన్నారు. ఆసుపత్రిలో బాపును చివరిసారి చూపించింది తమ్ముడొక్కడికే. అదీ దూరంగా నిలబెట్టి, జిప్పు వేసిన సంచిని. బతుకంతా మరమగ్గం ముందు నిలబడిన మనిషిని సాగనంపడానికి అయినవాళ్లు నలుగురు కూడా లేరు. అమ్మ ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చునేది, పెట్టింది తినేది, అడిగినదానికి తల ఊపేది. ఆ మౌనం చూసి నాకు భయం వేసేది.

అందుకే తమ్ముడు ఆ వీడియో పంపాడు. కింద "అక్కా, అమ్మ సినిమా. జర చూపెట్టు, మనసు మళ్లుతది" అని రాశాడు.

అమ్మ సినిమా అంటే మా ఇంట్లో ఒక్కటే. నా చిన్నప్పుడు వచ్చిన హిందీ సినిమా. పేరు చెప్పను. చెప్తే ఆ హీరో అభిమానులు నా మీద పడతారు, ఇప్పటికే ఒకసారి పడ్డారు. అందులో హీరో కంప్యూటర్ల దొంగ. కుర్చీలోంచి కదలకుండానే బ్యాంకుల్లోకీ, పోలీసు ఆఫీసుల్లోకీ చొరబడతాడు. మాలాంటివాళ్లు కంప్యూటరును దగ్గర్నుంచి చూడని కాలం అది. మీటల మీద పరుగెత్తే ఆ వేళ్లు తెరమీద కనబడగానే హాలంతా ఈలలు వేసేది.

ఆ వేళ్లు మా అమ్మవి.

వీడియోలో ఎవరో కుర్రాడు, నున్నగా దువ్విన తల, నోటినిండా నవ్వు. ఆ పాత సినిమా వెనక మనకు తెలియని సంగతులట, హిందీలో ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. హీరో తోలిన మోటారు సైకిలు ఎక్కడిదో చెప్పాడు, వాన సీనుకు నీళ్లు ఎలా తెచ్చారో చెప్పాడు. అమ్మ కొంచెం ముందుకు జరిగి కూర్చుంది. తర్వాత అతను అన్నాడు: "ఈ పాత్ర కోసం హీరో నెలల తరబడి టైపింగు నేర్చుకున్నాడు. డూపు వద్దన్నాడు. మీరు చూస్తున్న ఈ చేతులు నూటికి నూరుపాళ్లు ఆయనవే."

అక్కడితో ఆగినా బాగుండేది. బొమ్మను ఆపి, హీరో భుజం మీదుగా కనబడే కంప్యూటరు తెరను పెద్దది చేశాడు. నల్లటి తెరమీద ఆకుపచ్చని ఇంగ్లీషు అక్షరాలు. "ఇది ఉత్తుత్తి రాత కాదు మిత్రులారా. దర్శకుడు విదేశాల్లో నిజమైన హ్యాకరును కలిసి తెచ్చుకున్న రహస్య భాష. చదువుతాను వినండి. బిడ్, డాకూ, జారమ్..."

"బిడ్డకు జరం" అంది అమ్మ. బాపు పోయాక తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది. "బిడ్డకు జరం తగ్గిందో లేదో. గదే గద నేను కొట్టింది?"

ఆ బిడ్డను నేనే.

అమ్మ జగిత్యాలలో పెళ్లికి ముందే టైపు నేర్చుకుంది. సూరత్‌కు వచ్చాక రింగ్ రోడ్డు దగ్గర ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బిల్టీలు, అంటే లారీకి ఎక్కించిన సరుకుకు ఇచ్చే రసీదులు, టైపు చేసేది. మొదట మిషను మీద, తర్వాత కంప్యూటరు మీద. కళ్లు కాగితం మీద ఉండేవి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. ఆ ఆఫీసుకు పక్కనే ఒక పెద్ద మిల్లు యజమాని కొత్తగా కంప్యూటర్ల గది కట్టించాడు. బొంబాయి నుంచి సినిమావాళ్లు షూటింగుకని ఆ గదిలోకి దిగారు. తీరా చూస్తే హీరో రెండు వేళ్లతో, ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ కొడుతున్నాడు. దర్శకుడు విసుక్కున్నాడు. చూడకుండా కొట్టేవాళ్లు కావాలన్నాడు. ఎవరో మా అమ్మను చూపించారు.

ఆరోజు నాకు ఒళ్లు కాలిపోయే జ్వరం. నన్ను నానమ్మకు అప్పగించి పనికి వెళ్లింది అమ్మ. వెళ్లిన మనిషిని అటునుంచి అటే షూటింగుకు పట్టుకుపోయారు. చేతులకు గోరింటాకు ఉంటే మేకప్పు అతను ఏదో మందు పూసి రుద్దాడు. చర్మం మండి కన్నీళ్లు వచ్చాయట. చేతులు నల్లగా ఉన్నాయని, హీరో రంగు రావాలని తెల్లటి పూత పూశారు. గాజులు తీయమన్నారు. బిగుతుగా ఉన్న మట్టిగాజులు సబ్బు నురుగు రాసినా రాలేదు. లాగితే ఒక్కొక్కటే పగిలి మణికట్టు కోసుకుంది. రక్తం మీద కూడా పూత పూశారు. హీరో కోటు, హీరో గడియారం అమ్మకు తొడిగారు.

"ఏం కొట్టాలె సార్?" అని అడిగితే "ఏదైనా కొట్టు, చేతులు ఆగొద్దు" అన్నాడట దర్శకుడు. అలవాటు కొద్దీ చీరల మూటలు, లారీ నంబర్లు కొట్టింది. అవి చూసి అరిచాడట, "ఇది అందరికీ అర్థమవుతుంది, వేరే ఏదన్నా కొట్టు" అని. అప్పుడు అమ్మ తన మనసులో ఏముందో అదే కొట్టింది. బిడ్డకు జరం తగ్గిందో లేదో. మళ్లీ మళ్లీ అదే, సాయంత్రం దాకా. ఇంటికి పోతానంటే ఇంకొక్క షాట్ అన్నారు. మధ్యాహ్నం అన్నం పొట్లం ఇచ్చారు. హీరోతో ఫొటో దించి పంపిస్తామన్నారు. ఆ ఫొటో రాలేదు. సినిమా మొదట్లోగానీ చివర్లోగానీ అమ్మ పేరూ రాలేదు.

బోసి చేతులతో గుమ్మం ఎక్కిన అమ్మను చూసి నానమ్మ గుండెలు బాదుకుంది. "మొగడు బతికుండంగనే గిట్ల వొస్తవే? నా కొడుకును ఏం జేద్దామనుకున్నవ్?"

బాపు అప్పుడే షిఫ్టు దిగి వచ్చాడు, జుట్టు నిండా దూది. "ఊకో అవ్వా, సినిమాకు పోయింది గని సావుకు పోలే" అని, చెప్పులు వేసుకుని గల్లీ చివర బండి దగ్గరికి పోయాడు. తెచ్చిన గాజులు అమ్మ మోచేతిదాకా జారాయి. "మగ్గం కొలతలు దెల్సు గని గాజుల కొలతలు నాకేం దెల్సు?" అని నవ్వాడు. జ్వరంలో కూడా నేను నవ్వాను. సినిమా విడుదలైనప్పుడు గల్లీ మొత్తాన్నీ వెంటేసుకుపోయాడు బాపు. ఆ వేళ్లు కనబడగానే లేచి నిలబడి "గవి మా ఇంటిదాని చేతులు!" అని అరిచాడు. వెనకవాళ్లు కూర్చోమని తిట్టారు. అయినా కూర్చోలేదు.

అలాంటి మనిషి పోయిన వారంలో, ముక్కూమొహం తెలియని ఒకడు నవ్వుతూ ఆ చేతుల్ని హీరోకు రాసిచ్చేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వీడియో కింద వివరంగా రాశాను. అది రహస్య భాష కాదు, మా తెలుగు, అర్థం ఇదీ, కొట్టింది సూరత్‌లో మరమగ్గం నడిపిన మనిషి భార్య, మా అమ్మ అని. క్షణాల్లో జవాబులు మొదలయ్యాయి. ఒకడు "మా అమ్మమ్మే విమానం కనిపెట్టింది" అన్నాడు. ఇంకొకడు "మగ్గాలోళ్ల ఆడవాళ్లకు కంప్యూటరా?" అన్నాడు. తమ్ముడు వాళ్లతో తగువుకు దిగితే వాడి రాతలు తీసేశారు. కాసేపటికి నావీ తీసేశారు. ఇంటింటా చావు ఉన్న రోజుల్లో జనానికి ఇంత వెటకారం ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

పదోరోజు ఊరినుంచి మేనత్త వీడియో కాల్ చేసింది. బాపుకు పెద్దక్క. రైళ్లలో వచ్చే ధైర్యం ఎవరికీ లేదు. ఫోను తెరలో అత్త వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు ఇరుక్కుని చూస్తున్నారు. అమ్మ మొహం కనబడగానే అత్త అడిగింది: "ఏందే, చేతులకు ఇంక గాజులున్నయ్?"

అమ్మ కొంగును చేతుల మీదికి లాక్కుంది.

"ఎవలన్న వొచ్చి తీస్తరని సూస్తున్నవా? ఈ రోగంల ఎవలొస్తరు? నీ బిడ్డ ఉన్నది గద పక్కన. దాంతోనే పగలగొట్టియ్యి."

నాతోనా? మా అమ్మ చేతులకు ఉన్నవి నేను పగలగొట్టాలా? అత్త ఆగలేదు. "గా నాడు సినిమోళ్లు అడిగితె ఉరికురికి తీసినవ్. ఇయ్యాల మొగడు పోతె తియ్యనంటవా? మొగడు బతికుండంగ తీసినయి ఊకనే పోతయా? గిట్లనే మొగనికి తలుగుతయి."

"అత్తా!" అని అరిచాను. గోడ అవతలివాళ్లకు కూడా వినబడి ఉంటుంది. "బాపు కరోనతోని పోయిండు. గాజులతోని గాదు. గా మాట ఇంకోపారి అన్నవంటే..."

అమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "వదినె, నాడు నేను బోసి చేతులతోని వొస్తె ఉరికి గాజులు దెచ్చింది నీ తమ్ముడే. ఆయిన వొచ్చి తియ్యమంటె తీస్త. నువ్వంటె తియ్య."

కాల్ తనే కట్ చేసింది. తర్వాత ఏడ్చింది. పది రోజులుగా లోపల పట్టి ఉంచినదంతా ఏడ్చింది. నేను పక్కనే కూర్చున్నాను. తమ్ముణ్ని కడసారి చూసుకోలేని ఆడమనిషి అత్త కూడా అని నాకు తెలుసు. తెలిసినా నా కోపం తగ్గలేదు.

ఆ వీడియో కుర్రాణ్ని మాత్రం వదలదలచుకోలేదు. ప్రకటనల కోసం అతను ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే రెండోసారికి ఎత్తాడు. హిందీలో మాట్లాడుకున్నాం. గాజులు పగలడంతో సహా అంతా చెప్పాను, బాపు పోయిన సంగతీ చెప్పాను. స్పీకరు పెట్టాను, అమ్మ వింటోంది.

"దీదీ, నేను నెట్‌లో ఉన్నదే చెప్పాను" అన్నాడు.

"అక్కడ ఎవరు రాశారు?"

"ఎవరో అభిమాని. మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ జనానికి హీరో చేతులైతేనే ఇష్టం కదా."

"జనానికి ఇష్టమని అబద్ధం చెప్తావా? తప్పని ఒక్క ముక్క రాయి, చాలు."

అప్పుడు వాడి గొంతులో హుషారు వచ్చింది. "ఒక పని చేద్దాం. మీ అమ్మగారితోనే వీడియో చేద్దాం. మీ నాన్నగారు మొన్ననే పోయారన్నారు కదా? ఆయన ఫొటో ముందు కూర్చుని, ఆ గాజుల సంగతి చెప్తూ కొంచెం ఏడిస్తే... నిజంగానే ఏడవాలని కాదు దీదీ, సహజంగా వస్తేనే. లక్షలమంది చూస్తారు."

అమ్మే ఫోను దగ్గరికి వంగింది. అన్నేళ్ల ఆఫీసు పనిలో నేర్చిన హిందీలో, తొణక్కుండా అడిగింది. "బాబూ, తప్పు చెప్పావు. దిద్దుతావా, దిద్దవా? అదొక్కటి చెప్పు."

"ఆంటీ, ఉత్తినే దిద్దితే ఎవరు చూస్తారు? కథ ఉండాలి కదా."

"అయితే నీ అబద్ధం నువ్వే ఉంచుకో" అంది అమ్మ. నావైపు తిరిగి మన భాషలో అంది: "వానికి మీ బాపు సావు గావాల్నంటనే. థూ."

అతను దిద్దలేదు. మరుసటి వారం ఇంకో సినిమా గురించి ఇంకో వీడియో పెట్టాడు. అతని మాటల్ని చూసి ఇంకొకరు రాశారు, వాళ్లను చూసి మరొకరు. నిరుడు ఒక టీవీ ఇంటర్వ్యూలో హీరోనే అడిగారు, టైపింగు నిజంగా నెలల తరబడి నేర్చుకున్నారా అని. తెల్లబడిన గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. అవుననలేదు, కాదనలేదు. అమ్మ పక్కనే, ఆమె వేసుకున్న కోటులోకే దూరి తర్వాతి షాటుకు కూర్చున్న మనిషి. ఆయనకు తెలుసు. తెలిసీ నవ్వాడు. ఆ కుర్రాడు తెలియక మొదలుపెట్టాడు కాబట్టి వాణ్ని ఎప్పుడైనా క్షమిస్తానేమో. ఈయన్ని క్షమించను.

నా భర్త అంటాడు, "సినిమా ముచ్చటకు ఇంత కోపం ఎందుకు? పోనియ్యి." పోనివ్వడానికి అది నా ఒక్కదానిదా? బాపు హాల్లో నిలబడి అరిచిన మాట అబద్ధమని లోకమంతా చెప్పుకుంటుంటే, అది నిజమని చెప్పడానికి ఆయన లేడు. నేనున్నాను. కాబట్టి కనబడిన చోటల్లా రాస్తూనే ఉన్నాను. వాళ్లు తీసేస్తూనే ఉన్నారు.

మార్కెట్లు తెరిచాక అమ్మ మళ్లీ పనికి పోయింది. టీకాలు వేయించుకుని, రైళ్లలో జనం తిరగడం మొదలయ్యాక అత్త సూరత్‌కు వచ్చింది. ముందే అమ్మ నాకు ఫోన్ చేసి "స్టేషనుకు రావే, సామాను ఉంటది" అంది. నేను పోలేదు. మర్నాడు పోయేసరికి ఇద్దరూ నేలమీద చాప వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. బాపు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి ఎక్కడెక్కడ దాక్కునేవాడో అత్త చెప్తోంది. చేతుల నిండా అవే గాజులతో అమ్మ పగలబడి నవ్వుతోంది.

"వొచ్చినవా బిడ్డా? కూసో" అని అత్త పక్కకు జరిగింది.

"పనుంది" అన్నాను. వంటింట్లోకి పోయి, ఎవరూ అడగకపోయినా చాయ్ పెట్టాను.