ఒకటి నొక్కితే మూడు దీపాలు

మా మేనత్త ఒక కాలేజీ ల్యాబులో పద్దెనిమిదేళ్లు పనిచేసింది. రికార్డుల్లో ఆమె హోదా స్వీపరు. ఆమె చేతిలో ఎప్పుడూ కనిపించింది మాత్రం సోల్డరింగ్ ఐరన్.

ఆమె స్వయంగా అతికించిన మైక్రోకంట్రోలర్ బోర్డు మీద ఎనిమిది చిన్న దీపాలుండేవి. కంప్యూటరు నుంచి సీరియల్ కేబుల్ గుండా వచ్చే ఆజ్ఞను బట్టి అవి వెలిగేవి. తనిఖీ రోజున లెక్చరరు ‘1’ నొక్కితే, ఒకటికి బదులు మూడు వెలిగాయి.

"నీ వైరింగే కొంప ముంచింది! రేపట్నుంచి ల్యాబు గడప తొక్కకు," అన్నాడాయన.

"వైర్ల మీద పడతారేంటి సార్? మీరు పంపింది అంకె కాదు, అంకె గుర్తు. కంప్యూటరు లెక్కలో దాని విలువ నలభై తొమ్మిది. ముప్పై రెండు, పదహారు, ఒకటి విలువలున్న దీపాలు కలిస్తేనే అంత, అందుకే మూడు వెలగాలి. ప్రోగ్రాంలో నలభై ఎనిమిది తీసేయండి," అంది అత్త.

తీసేశారు. ఒక్కటే వెలిగింది.

"ఈవిడెవరు?" అని తనిఖీ అధికారి అడిగాడు.

"ఊడ్చే మనిషండీ," అన్నాడు లెక్చరరు.

ఆ బోర్డు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. సోల్డరు వాసన తగిలితే చాలు, అత్త ఆనాటి చేతులు కళ్ల ముందు కదులుతాయి. ఆమెకు రావాల్సిన జీతం కోసం నేను కోర్టులో వేస్తున్న పిటిషనులో ఆమె హోదా దగ్గర ‘టెక్నీషియన్’ అని రాశాను. సాక్ష్యంగా ఈ బోర్డుకే కొత్తగా ప్రోగ్రాం రాసి, జడ్జిగారి ముందు వెలిగించి చూపిస్తాను.

అత్త బెంగ వేరు. "జడ్జిగారి ముందు కోపంలో నలభై ఎనిమిది తీసేయడం మర్చిపోతావే తల్లీ!"