ఆడి తెచ్చుకున్న కప్పు

కరోనా పుణ్యమా అని మా కాలేజీ అమ్మాయిల కబడ్డీ ఫైనల్ రెండేళ్లు వాయిదా పడుతూ వచ్చింది. రాయగడ జట్టు మాది, ఎదుటివాళ్లు కొరాపుట్ అమ్మాయిలు. చివరికి తేదీ ఖాయమయ్యేసరికి నేను ఆఖరి ఏడాదిలో ఉన్నాను, జట్టుకు కెప్టెన్‌ని. పరీక్షల లోపు ఆడకపోతే నాకిక ఈ జన్మకు ఫైనల్ లేనట్టే.

తేదీ తెలిసిన సాయంత్రమే కొరాపుట్ కెప్టెన్ ఫోన్ చేసింది. ఆమెది బొయిపరిగుడ అవతల కొండ ఊరు. ఆ తేదీ సరిగ్గా వాళ్ల చైత్ర పరబ్ నడుమ పడిందట. ఆ పండక్కి మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు ఊరి మొదట్లో కాచుకుంటారు, వట్టి చేతులతో వచ్చినవాడి మీద పేడనీళ్లు చల్లుతారు. ఆ రోజుల్లో ఏ పిల్లా ఊరు దాటదు, వాళ్ల జట్టంతా ఆ కొండ ఊళ్లవాళ్లే. వారం జరపమని పోటీలు జరిపేవాళ్లని అడిగితే, రాకపోతే కప్పు రాయగడకే ఇచ్చేస్తామన్నారట. నాకు ఒళ్లు మండింది.

మా ఆటల సార్‌ది శ్రీకాకుళం. సంగతి చెబితే ఆయన ముఖం చాటంతైంది.

"ఆళ్లు రాకపోతే మనకేటమ్మీ? కప్పు ఇంటికే వచ్చేసినాది!"

"ఆడకుండా వచ్చిన కప్పులో ఏటి పోసుకు తాగుతాం సార్?"

"డేటు జరిగితే పరీచ్చలొచ్చెస్తాయి. నీకే నష్టం, సూసుకో మరి."

ఆ భయం నాకూ ఉంది. అయినా మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని పోటీలు జరిపే ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఒడియా అధికారి మాస్కు సర్దుకుని, జబ్బుకైతే తేదీ మారుస్తాం గానీ పండక్కి కుదరదన్నాడు. నా కోపానికి నా వచ్చీరాని ఒడియా తోడైంది.

"రోగం కోసం రెండేళ్లు ఆగిన ఆట, పండగ కోసం వారం ఆగదా? వేట లేకుండా వచ్చిన మగాడికి పేడనీళ్లు కదా, ఆట లేకుండా కప్పు తెచ్చిన మాకేం చల్లుతారు?"

ఆయనా ఆ కొండల్లో పుట్టినవాడే. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి తేదీ మార్చాడు. కానీ మిగిలింది పరీక్షల ముందు రోజొక్కటే. ఆ రోజు వాన పడితే ఆట రద్దు, కప్పు ఎవరికీ లేదు.

ఆట రోజు తెల్లారేసరికి మబ్బులు కమ్ముకున్నాయి. బస్సు దిగిన కొరాపుట్ అమ్మాయిలు నన్ను చూసి చేతులూపారు, ఆ తర్వాత జాలి లేకుండా ఆడారు. ఆఖరి నిమిషానికి ఇద్దరివీ సమాన పాయింట్లు. వాళ్ల కెప్టెనే కూతకొచ్చింది. మా పిల్లని తాకి వెనక్కి తిరిగింది. నేను పడి ఆమె చీలమండ పట్టుకున్నాను. నన్ను ఈడ్చుకుంటూనే గీత వైపు పాకింది. నా మోకాలు గరుకు నేల మీద చీరుకుపోతున్నా వదల్లేదు. గీతకు జానెడు దూరంలో ఆమె కూత ఆగింది.

సార్ చెప్పులొదిలేసి మైదానంలోకి పరుగెత్తుకొచ్చారు. "పట్టేసేవే అమ్మీ, పట్టేసేవే!" అంటూ ఏడ్చేశారు. నేనూ సిగ్గు లేకుండా ఏడ్చాను. కొరాపుట్ కెప్టెన్ దుమ్ము దులుపుకుని లేచి, తనే నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. అప్పుడు పడింది వాన.

కప్పు కాలేజీ అద్దాల బీరువాలో ఉంది. దాన్నెలా గెలిచారని ఎవరైనా అడిగితే, నేను మోకాలి మీది మచ్చ చూపిస్తాను.