బురుల్చాకు కుదుపు తెలియకూడదు

కదిర్కుల్ కాలు ఒకచోట నిలిచేది కాదు. వేసవికి గొర్రెల్ని తోలుకుని కొండ పైకి, చలి మొదలవగానే కిందికి దిగే ఇంట్లో పుట్టాడు. సైన్యంలో చేరి ట్రక్కు స్టీరింగ్ పట్టుకున్నవాడు ఇక దాన్ని వదల్లేదు. కొన్నాళ్లు బొగ్గు లారీ, కొన్నాళ్లు మినీ బస్సు, ఇప్పుడు సొంత కారుతో షేర్ టాక్సీ. తమ కొండ ఊరు నారిన్ నుంచి రాజధాని బిష్కెక్, బిష్కెక్ నుంచి నారిన్. ఇంట్లో వరసగా రెండు రాత్రులు పడుకున్నాడంటే ఆ మర్నాడు పొద్దున్నే బూట్లు తొడుక్కుని గుమ్మంలో అటూ ఇటూ తచ్చాడుతుండేవాడు. అతని భార్య బురుల్చా అది చూసి ఫ్లాస్కులో టీ పోసేది, రొట్టె గుడ్డలో చుట్టి ఇచ్చేది. ముప్పై ఏళ్లుగా ఆమె చేసింది అదే, సాగనంపడం. ఆ తర్వాత లోపలికి పోయి పొయ్యిలో బొగ్గు వేసుకుని, నేల మీద వంగి ఉన్ని తివాచీలు కుట్టుకునేది.

సెప్టెంబరులో ఒక పొద్దున బొగ్గు బకెట్ ఎత్తబోయి వంగిన బురుల్చా మళ్లీ లేవలేకపోయింది. బిష్కెక్‌లో పెద్దాసుపత్రికి తీసుకొచ్చి వెన్నుకి ఆపరేషన్ చేయించారు. అంతా బాగానే జరిగింది. ఇంటికి ఎప్పుడు తీసుకెళ్లొచ్చని కదిర్కుల్ అడిగితే డాక్టరమ్మ ఒక మాట అంది.

"ఇంకో పక్షం రోజులాగి తీసుకెళ్లండి. వెనక సీట్లో పడుకోబెట్టండి. కారు గుంతలో పడ్డ సంగతి ఆవిడకి తెలియకూడదు. అంతే."

ఆ మాట పట్టుకుని అతను మెట్లు దిగి ఆవరణలోకొచ్చాడు. తన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. మళ్లీ తిరిగాడు.

జపాన్ నుంచి దిగుమతైన పెద్ద సెడాన్ అది. అక్కడి బళ్లకి ఎడమ వైపుండే స్టీరింగ్ దీనికి కుడి వైపు, సీట్లు సోఫాల్లాంటివి. తయారుచేసినవాళ్లు మెత్తగా పోవాలనే చేశారు. అయితే కదిర్కుల్‌కి ముందు దాన్ని వాడిన కుర్రకారు షోకు కోసం పెద్ద పెద్ద మెరుపు చక్రాలు బిగించి, వాటికి సన్నటి టైర్లు వేశారు. టాక్సీ స్టాండులో తోటి డ్రైవర్లు "ఇవి టైర్లా, గాజులా?" అని ఏడిపించేవాళ్లు. ఏడిపించినా వాళ్ల కళ్లు ఆ చక్రాల మీదే ఉండేవి, అందుకని అతనికి లోలోపల గర్వంగానే ఉండేది. ఇప్పుడవి అరిగిపోయి పట్టు జారుతున్నాయి, ఎలాగూ మార్చాలి. అసలు ఆ వెనక సీటు ఎలా ఉంటుందో తనకి తెలియదన్న సంగతి అతనికి ఆ ఆవరణలో నిలబడ్డప్పుడు తట్టింది. తన కారులో తను ఒక్కసారి కూడా వెనక కూర్చోలేదు.

తిన్నగా వదిన కలీపా దగ్గరికి పోయాడు. బురుల్చాకు అక్క. బిష్కెక్‌లో ట్రాలీబస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి, నోరు పెద్దది. తను వెనక పడుకుంటాననీ, ఆవిడ కారు నడపాలనీ అడిగాడు.

కలీపా ఎక్కి కూర్చుని కుడి వైపున్న స్టీరింగ్ చూసింది. "ఇదేంటయ్యా, డ్రైవర్ని తీసుకెళ్లి కండక్టర్ సీట్లో కూర్చోబెట్టారు?" అంది. అంటూనే బండి కదిలించింది.

పాత మార్కెట్ వెనక సందుల్లో తిప్పమన్నాడు. వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని వెల్లకిలా పడుకుని, కప్పు వైపు చూస్తూ, వీపుతో రోడ్డుని విన్నాడు. ప్రతి పగులూ తెలిసింది. మురుగు మూత దాటితే పక్కటెముకలకి తెలిసింది. రైలు పట్టాలు దాటినప్పుడు అతని దవడలు టకటకా కొట్టుకున్నాయి. ఇన్నాళ్లూ జనాన్ని ఇలాగే కూర్చోబెట్టి బోమ్ లోయ గుండా తీసుకెళ్లానా అనుకున్నాడు.

"చాలా, ఇంకో గుంత కావాలా?" అని ముందు నుంచి కలీపా అడిగింది.

చాలన్నాడు.

మర్నాటి నుంచి అతను కార్ల బజారులోనే కాపురం పెట్టాడు. అక్కడ హమ్జా అని తోక్మోక్ వైపు దుంగాన్ తెగ మనిషి టైర్ల కొట్టు నడుపుతున్నాడు. మాటకారి, ఎవరొచ్చినా ముందు టీ పోస్తాడు. కదిర్కుల్ కప్పు పట్టుకునే టైర్ల వరసల మధ్య తిరిగాడు. ఒక్కో టైరు పక్కన బొటనవేలితో నొక్కి చూశాడు, వాసన చూశాడు, ఏ ఏడు తయారైందో అంచు మీద వెతికాడు. హమ్జా అదే కొలతలో, చప్పుడు చేయదని పేరున్న ఖరీదైన రకం ఇచ్చాడు. నిజంగానే చప్పుడు తగ్గింది. వెనక పడుకుని చూస్తే మాత్రం కుదుపు కుదుపే. ఇంత సన్నటి రబ్బరులో ఎంత మెత్తదనమని పడుతుంది?

ఇంక చక్రాలే మార్చాలని తేలింది. చక్రం చిన్నదైతే దాని చుట్టూ రబ్బరు మందంగా పడుతుంది, గుంత దెబ్బ ఆ రబ్బరు తింటుంది. మెరుపు చక్రాలు హమ్జాకే ఇచ్చేసి మామూలు ఇనప చక్రాలు తీసుకున్నాడు. మొదటి జత మరీ చిన్నదై బ్రేకుకి తగిలింది. రెండోది సరిపోయింది. వాటికి వేసిన టైర్లు ఎంత మెత్తవంటే, మలుపు తిరిగితే కారు పడవలా ఊగింది. పరీక్షకని ఎక్కిన కలీపాకి పొద్దున తిన్న సమోసా గొంతులోకొచ్చింది.

"దానికి కుదుపు తెలియకపోవచ్చు గానీ, దారంతా కక్కుతూనే ఉంటుంది," అంది దిగుతూ.

అవీ తిప్పి ఇచ్చాడు. రోజులు గడిచేకొద్దీ అతనికి నిద్ర తగ్గింది, తిండి తగ్గింది. మరీ మెత్తవైతే నారిన్ దారిలో దోలోన్ కనుమ దగ్గర పదునైన రాయి తగిలి పక్క చీలిపోతే? అక్టోబరు చివర్లో అక్కడ మంచు పడితే? చలికాలం టైర్లు వేస్తే పట్టు ఉంటుంది గానీ తారు మీద రొద పెడతాయి. మంచంలో పడుకున్నా అతని వేళ్లు దుప్పటి అంచుని నొక్కి చూస్తుండేవి. ప్రయాణికుల్ని ఎక్కించుకోవడం మానేశాడు. స్టాండు నుంచి ఫోన్లు వస్తే ఎత్తలేదు.

చివరికి హమ్జా విసిగిపోయాడు. "అన్నా, నా పెళ్లికి కూడా నేను ఇన్ని చూడలేదు. ఒకదాన్ని ఖాయం చేసుకో. మనిషికైనా టైరుకైనా అన్నీ ఒక్కచోట దొరకవు."

"నా భార్య వెన్ను అది," అన్నాడు కదిర్కుల్.

హమ్జా అతని కప్పు అందుకున్నాడు. టీ మళ్లీ పోశాడు.

రోజూ సాయంత్రం ఆసుపత్రికి పోయి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. కూర్చోగానే మొదలుపెట్టేవాడు, ఇవాళ ఏ రకం చూశాడో, దాంట్లో లోపం ఏంటో, రేపు ఏది చూడబోతున్నాడో. బురుల్చా తల కిటికీ వైపు తిప్పి వినేది. కిటికీ కింద బస్‌స్టాప్ ఉంది. ఒకసారి ఆమె "ఏమయ్యా, నేనొకటి చెప్పనా" అంది. అతను చెప్పమన్నాడు, చెప్పమంటూనే ఇనప చక్రం మంచిదా, అల్యూమినియం చక్రం మంచిదా అన్న సంగతి పూర్తి చేశాడు. పూర్తయ్యేసరికి నర్సు వచ్చి టైమైందంది.

ఆఖరికి మధ్యరకం ఒకటి కుదిరింది. గట్టి అంచు, మందమైన పక్కలు, నాలుగు కాలాలకీ పనికొచ్చే పట్టు. కొద్దిగా గాలి తగ్గించి, వెనక పడుకుని, కలీపా చేత రైలు పట్టాలు దాటించుకున్నాడు. ఎవరో దూరంగా తలుపు తట్టినట్టు రెండుసార్లు వినిపించింది, వీపుకి ఏమీ తెలియలేదు. లేచి కూర్చుని సీటుని అరచేత్తో ఒకసారి నిమిరాడు.

డిశ్చార్జి రోజు వెనక సీటు మీద రెండు పరుపులు పరిచి, బురుల్చాని పడుకోబెట్టి, ఆమె బుగ్గ దగ్గర దిండు సర్దాడు. కలీపా ముందు సీట్లో కూర్చుంది. కొంత దూరం వచ్చి దిగిపోతుందేమో అనుకున్నాడు, దిగలేదు. ఊరు దాటారు. తూర్పు వైపు రోడ్డు తోక్మోక్ మీదుగా పోతుంది. రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న చేలు. కిందికి వంచుకున్న అద్దంలో భార్య ముఖం చూసుకుంటూ, ప్రతి గుంతనీ దూరం నుంచే చూసి తప్పిస్తూ నడిపాడు.

"ఏమయ్యా, ఆపు," అంది బురుల్చా.

అతను వేగం తగ్గించాడు. పక్కకి తీసి ఆపి వెనక్కి తిరిగాడు. నొప్పి ఎక్కడ వచ్చిందని అడిగాడు.

"నొప్పి లేదు. దూది మీద పోతున్నట్టుంది. ఎంత తిప్పలు పడ్డావో నాకు తెలుసు. కానీ నేను నారిన్ రాను."

అతనికి అర్థం కాలేదు. రాకపోవడమేంటన్నాడు.

"బజారంతా అడిగావు. హమ్జా ఎవరో అతన్ని అడిగావు, డాక్టరమ్మని అడిగావు, అక్కని అడిగావు. నేను ఎక్కడికి పోవాలనుకుంటున్నానో ఒక్కసారి అడిగావా?"

"ఇంటికి కాక ఇంకెక్కడికి పోతావే?"

"అదిగో. నువ్వు అడగవు."

ఆమె కప్పు వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది. అతను బిష్కెక్ నుంచి వచ్చినప్పుడల్లా కబుర్లు చెప్పేవాడు. కొత్త రోడ్డు వేశారని, ఫలానా చోట అష్లాన్‌ఫూ అనే చల్లటి నూడుల్స్ బాగుంటాయని, ఎవరో ముసలావిడ దారంతా పాటలు పాడిందని. తను విని ఆవు దగ్గరికి పోయేది. ఈ నెల్లాళ్లూ ఆసుపత్రి కిటికీలోంచి బస్‌స్టాప్ చూసింది. ఎవరో ఎక్కుతున్నారు, ఎవరో దిగుతున్నారు, ఎవరికీ ఎవరూ రొట్టె కట్టి ఇవ్వడం లేదు. అది చూస్తుంటే ఆమెకి భలేగా ఉండేది. కలీపా ఉండే భవనంలో కింద బట్టలు కత్తిరించే పని ఉంది, నిలబడి చేసేది, వంగక్కర్లేదు. బొగ్గు మోయక్కర్లేదు, గదిలో వేడినీళ్ల గొట్టాలు వాటంతటవే వెచ్చబడతాయి.

"నీకు ఇది ముందే తెలుసా?" అని కదిర్కుల్ కలీపాని అడిగాడు.

"తెలుసు. చెప్పడానికి నువ్వు సందు ఇస్తే కదా. నోరు తెరిస్తే రబ్బరు."

తలుపు తీసుకుని దిగాడు. కారు చుట్టూ తిరిగాడు. రోడ్డు దిగి మొక్కజొన్న మోళ్లలోకి నడిచాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ నడిచాడు. ఇల్లుంది, ఆవుంది, తన తండ్రి నాటిన ఆపిల్ చెట్లున్నాయి. ఆమె అక్కడ ఉంటుందనే కదా తను ఎంత దూరమైనా పోగలిగాడు. ఆమె లేకపోతే తను పోయేది ఎక్కడి నుంచి, తిరిగొచ్చేది ఎక్కడికి? కోపం వచ్చింది, అది ఎవరి మీద చూపాలో తెలియలేదు. లారీలు అతని చొక్కాని ఎగరగొడుతూ పోతున్నాయి. కారు వెనక అద్దంలోంచి బురుల్చా కనబడడం లేదు, పడుకుని ఉంది కదా.

తిరిగొచ్చి ఎక్కాడు. బండి బిష్కెక్ వైపు వెనక్కి తిప్పాడు. తిప్పేటప్పుడు కూడా నెమ్మదిగానే తిప్పాడు.

తర్వాతి వారం బురుల్చాని కలీపా దగ్గర ఉంచి అతనొక్కడే నారిన్ పోయాడు. ఆవుని పక్కింటివాళ్లకి ఇచ్చేశాడు, గడ్డకట్టకుండా నీళ్ల గొట్టాలకి గుడ్డలు చుట్టాడు, పొయ్యిలో బూడిద తీశాడు. ఆ పనులు ఒక్కరోజువి. దోలోన్ మీద మంచు పడి దారి మూసేయడంతో మరి నాలుగు రోజులు ఆ ఇంట్లో ఉండాల్సి వచ్చింది. టీ తనే కాచుకున్నాడు, రొట్టె ఎండిపోయింది. రోడ్డు మీద ఏ కారు చప్పుడు వినిపించినా లేచి కిటికీ దగ్గరికి పోయాడు. ఎవరి కోసమో తనకే తెలియదు. మూడో రోజు సాయంత్రం ఒక కారు గుమ్మం ముందు నెమ్మదించింది. గబగబా తలుపు తీసేసరికి అది దారి తప్పి వెనక్కి తిప్పుకుంటున్న కారు. తలుపు పట్టుకుని చలిలో అలాగే నిలబడ్డాడు. బురుల్చా ఇలా ఎన్నిసార్లు నిలబడి ఉంటుందో అన్న ఆలోచన వచ్చింది, అది వదిలించుకోవాలని గొడ్డలి తీసుకుని కట్టెలు చీల్చాడు. వదల్లేదు.

దారి తెరవగానే కలీపా ఇంటి పై అంతస్తులో రెండు గదులు అద్దెకి తీసుకున్నాడు. టాక్సీ మానలేదు, మానితే బతకలేడు. ఇప్పుడు సాగనంపడం లేదు. అతను బయల్దేరే వేళకి బురుల్చా పనికి పోయి ఉంటుంది. టీ తనే ఫ్లాస్కులో పోసుకుంటాడు. ఆమె నిలబడి గుడ్డ కత్తిరిస్తుంది, వారానికోసారి వెన్ను కసరత్తుకి నడిచే పోతుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లతో స్నేహం కలిసింది. కదిర్కుల్‌కి పేర్లు కూడా తెలియని వాళ్ల గురించి చెబుతుంది. అతను వింటాడు. కొంచెం కష్టపడి వింటాడు.

మొన్న ఫిబ్రవరిలో అతను అనుకున్నదాని కంటే ముందే ఇంటికి చేరాడు. తాళం వేసి ఉంది. ఫోన్ చేస్తే ఆమె కలీపాతో కలిసి ఎక్కడో బస్సులో ఉంది. చుట్టూ జనం గోల, సరిగా వినబడలేదు.

"వస్తానులే. ఆకలేస్తే ఏదైనా తిను. నా కోసం చూడకు," అంది.

తాళం చెవి అతని జేబులోనే ఉంది. తలుపు తీయలేదు. మెట్ల మీద కూర్చున్నాడు, లేచాడు, కింది దాకా దిగి వీధి చూసి వచ్చాడు, మళ్లీ కూర్చున్నాడు. పై ఇంటి ముసలాయన దిగుతూ ఎవరి కోసమని అడిగాడు.

"మా ఆవిడ బయటికెళ్లింది," అన్నాడు కదిర్కుల్, జరిగి అతనికి దారి ఇస్తూ.