తుపాకిలో నెయ్యి

తుపాకి పేల్చి సొంత పరువును మాత్రమే చంపుకున్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే.

ఎనభైల మొదట్లో అమెరికాలో, నేపర్‌విల్‌లో ఉండేవాళ్లం. లైబ్రరీలో మూడు పుస్తకాలు చదివితే ఏ విద్యయినా వచ్చేసినట్టేనని నా నమ్మకం. ఆ వేసవిలో మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకుల మీద పడ్డాను. ఒక్కదాన్నీ ముట్టకుండానే పండితుణ్ణయిపోయాను.

పక్కింటి హ్యాంక్ రిటైరైన వడ్రంగి. అతని దగ్గర అలాంటివి నాలుగుండేవి. గోధుమనూకలాంటి ముతక మందే మేలనేవాడు.

"బొంబాయి రవ్వలా సన్నగా ఉన్న మందుకే వేగం ఎక్కువ. బుక్‌లో ఉంది!" అన్నాను.

"మీ బుక్ ఎప్పుడైనా తుపాకి పేల్చిందా, ప్రొఫెసర్?"

ఇంకేముంది, ఎవరి గుండు వేగంగా పోతుందో పందెం! నేను ఓడితే వేసవంతా అతని తుపాకులు కడగాలి. గెలిస్తే అతను లైబ్రరీ కార్డు తీసుకోవాలి. ఏది పెద్ద శిక్షో అతని మొహం చూస్తే తెలిసేది.

శనివారం మైదానంలో గుండు వేగం కొలిచే పెట్టె పెట్టాం. ముందు హ్యాంక్. ముతక మందు పోశాడు, గుడ్డపేలిక నోట్లో నానబెట్టాడు, అందులో గుండు చుట్టి కడ్డీతో దట్టించాడు. ఢాం! సెకనుకు పదహారు వందల అడుగులు.

"నీ వంతు. పేలిక నోట్లో పెట్టుకో."

"ఎంగిలా!"

ఉమ్ము వద్దనుకుంటే కొవ్వు రాయమన్నాయి నా పుస్తకాలు. పంది కొవ్వు మాట నా దగ్గర ఎత్తకండి. మా ఆవిడ సరళ కాచిన నెయ్యి సీసా జేబులోంచి తీశాను. అగ్నిలో ఆజ్యం పోస్తే ఇంకా భగ్గుమనాలి కదా! సన్న మందు పోసి, పేలికను పప్పన్నంలా తడిపి దట్టించాను. తర్వాత తుపాకిని ఎండలో నిలబెట్టి, సన్న మందు మహిమ మీద పావుగంట ఉపన్యాసం.

"పేలుస్తావా, పాఠం చెబుతావా?"

పేల్చాను. టిక్. ఫుస్స్... బుడుంగ్! పెళ్లిభోజనం చేసిన మామయ్యలా గుండు బద్ధకంగా బయటికొచ్చింది. ఏడు వందలు!

"పెట్టె పాడైపోయింది!" అని అరిచాను.

హ్యాంక్ తుపాకి మూతి వాసన చూశాడు. "పాప్‌కార్న్ వాసనొస్తోందేంటి?"

"నెయ్యి."

"ఎంత రాశావ్?"

"మా ఇంట్లో నెయ్యి కొలిచి వడ్డించరు."

కడుపు పట్టుకుని గడ్డిలో కూలబడ్డాడు. "ఎండకి కరిగి కిందికి కారి మందంతా తడిసిపోయిందయ్యా! సన్న మందుకే వేగం ఎక్కువని నాకు ముప్పై ఏళ్ల నుంచీ తెలుసు."

"మరి పందెం ఎందుకు కాశావు?"

"మందు సంగతి బుక్‌కి తెలుసు. నీ సంగతి నాకు తెలుసు."

బూడిదలో పోసిన పన్నీరన్నా నయం, వాసనైనా మంచిది. మా వంటింటి సింకులో వేడినీళ్లు పోసి కడిగితే ఈ తుపాకులు ఏం కంపు కొడతాయో ఏ పుస్తకమూ చెప్పలేదు.

"ఏవండీ, గుడ్డు ముట్టని కిచెన్‌లో ఈ కుళ్లిన గుడ్ల కంపేంటండీ? నా నెయ్యి సీసా ఏదీ?" అంది సరళ.

ఆ నాలుగు తుపాకుల సాక్షిగా అక్కడికక్కడే ప్రమాణం చేశాను: ఈ జన్మకి నెయ్యి అన్నంలోకే. తుపాకిలోకి ఎంగిలే. ఆ ఎంగిలి కూడా హ్యాంక్‌దే!