అద్దాలు దించితేనే పొగ: గుణదల నుంచి కూచిపూడి దాకా

విజయవాడ నుంచి కూచిపూడి వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి చాలా సులువు. బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు మీదుగా పామర్రు చేరి, అక్కడ కుడివైపు తిరిగితే చాలు. సొంత బండి ఉంటే గంటన్నరలో హాయిగా చేరిపోతారు. మాకు మాత్రం పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. మా తోడల్లుడు జోయెల్ కారులోకి సైలెన్సర్ పొగ వస్తోంది. అది ఎక్కడి నుంచి దూరుతోందో కనిపెట్టడమే ఈ ప్రయాణంలో అసలు పని. సాయంత్రం మా అత్తగారింట్లో ప్రార్థన కూడిక ఉంది కాబట్టి ఎలాగూ వెళ్ళాలి, దారిలో పొగ సంగతి కూడా తేల్చుకుందామనుకున్నాం.

ముందే చెప్పేస్తున్నాను, జోయెల్ అంటే నాకు కుళ్ళు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు కౌంటర్ దగ్గర ఏళ్ళ తరబడి నిలబడేది నేను. ఏ బండికి ఏ గాస్కెట్ పడుతుందో నిద్రలో అడిగినా చెబుతాను. బ్యాంకులో ఏసీ కింద కూర్చునే అతనేమో ఒక పాత చిన్నకారు కొని, వెనక సీటు పీకించి, సైలెన్సర్ గొట్టం పొట్టిగా కోయించి, చెన్నై దగ్గర రేస్ ట్రాక్ మీద తిప్పి కప్పు పట్టుకొచ్చాడు. నాకున్నది స్కూటర్. అత్తగారు ఆ కప్పుని తెచ్చి టీవీ పక్కన, సరిగ్గా మా పెళ్ళి ఫోటో ముందు పెట్టారు. ఇప్పుడు ఆ ఫోటోలో మా ఆవిడ ఒక్కతే కనిపిస్తుంది. నేను కప్పు వెనక ఉంటాను.

కప్పు గెలిచాక మళ్ళీ వెళ్ళిన పోయినసారి, ట్రాక్ మీద ఉండగా జోయెల్‌కి తల పగిలిపోయేంత నొప్పి వచ్చి, దిగీ దిగగానే వాంతి చేసుకున్నాడు. బండి పొగ పీల్చారనీ, ఇంకాసేపు ఉంటే స్పృహ తప్పేదనీ డాక్టర్ చెప్పారట. దాంతో అతని భార్య గ్రేస్, అంటే మా మరదలు, కచ్చితంగా చెప్పేసింది. వచ్చే శనివారం మళ్ళీ ట్రాక్ మీద పోటీ ఉంది, ఆ లోపు పొగ దారి దొరకాలి, దొరక్కపోతే బండి అమ్మెయ్యాలి. అమ్మేస్తే పీడా పోతుందని లోలోపల అనుకున్నాను. పైకి మాత్రం "నేను చూస్తాగా, కంగారుపడకు" అన్నాను.

ఎనిమిదింటికల్లా గుణదలలో మా ఇంటి నుంచి బయల్దేరి ముందు ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ మస్తాన్ గారి దగ్గర ఆగాం. ఆయన గొట్టం చివర తడిగుడ్డ అడ్డం పెట్టించి, ఇంజిన్ నడిపించి, జాయింట్లన్నింటి మీదా సబ్బునీళ్ళు చల్లారు. ఎక్కడా బుడగ రాలేదు. "లీకు లేదండీ. ఉంటే ఈపాటికి నురగ కక్కేది" అన్నారు. "గొట్టం మరీ పొట్టిగా కోయించారు, పొగంతా బంపర్ కిందే తిరుగుతోంది. లోపలికి ఎట్టా వస్తోందో మాత్రం నడిపి చూసుకోవాల్సిందేనండీ." లేబర్ కింద మూడొందలు తీసుకున్నారు.

కంకిపాడు దాకా అద్దాలు ఎత్తేసి, ఫ్యాన్ పెట్టుకుని వెళ్ళాం. వాసనే లేదు. టోల్ గేటు దాటాక జోయెల్ అద్దాలు దించాడు. ట్రాక్ మీద డ్రైవర్ పక్క అద్దం దించి ఉంచడం అక్కడి నియమం. కాసేపటికే పెట్రోలు పొగ గొంతులో పడింది. "అదుగో, ఇదేనండీ అన్నయ్యగారూ!" అన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. గాలి ఆడాలనే కదా ఎవరైనా అద్దాలు దించుతారు. ఉయ్యూరులో ఆగి పెసరట్టు ఉప్మా తిన్నాం, ఇద్దరికీ కలిపి నూట నలభై. అల్లం పచ్చడి కోసమైనా అక్కడ ఆగొచ్చు. తింటూ ఆలోచిస్తే విషయం మెల్లగా బోధపడింది. బండి పరుగెడుతుంటే దించిన అద్దాల్లోంచి లోపలి గాలి బయటికి లాక్కుపోతుంది. ఆ ఖాళీ నింపడానికి వెనక ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి గాలి దూరుతుంది, దాంతోపాటు బంపర్ కింద తిరిగే పొగా వస్తుంది. ఇక తేలాల్సింది ఆ సందు ఎక్కడన్నదే.

సీటు పీకిన చోట నేలకున్న బొక్కలేమో అనుకుని, పామర్రులో టేపు కొని అన్నీ మూసేశాం. మళ్ళీ అద్దాలు దించి చూస్తే మళ్ళీ వాసన. అప్పుడే జోయెల్ బండి పక్కకి తీసి ఆపాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను నీళ్ళ సీసా అందిస్తే దాని మూత తిప్పలేకపోయాడు. "కాస్త దిమ్ముగా ఉందండీ, ఏం కాదు" అంటూ నవ్వాడు. అతన్ని కిందికి దింపి, నాకున్న కాస్త తలబరువూ దిగేదాకా నీడలో చాలాసేపు కూర్చోబెట్టాను. మిగతా దారి అద్దాలు ఎత్తేసి, ఫ్యాన్ గట్టిగా పెట్టుకుని నేనే నడిపాను. ఆ కారు నేను నడపడం అదే మొదటిసారి, అయినా సంతోషమనిపించలేదు.

అత్తగారిది కూచిపూడికి కాస్త ముందున్న పల్లె. అక్కచెల్లెళ్ళిద్దరూ ముందురోజే బస్సులో వచ్చేశారు. భోజనాలయ్యాక జోయెల్ కూడిక కోసం లోపల కుర్చీలు వేస్తుంటే, నేను గ్రేస్‌ని పౌడరు డబ్బా అడిగాను. డిక్కీ డోర్ చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ మీద పౌడర్ చల్లి, తలుపు గట్టిగా వేసి మళ్ళీ తీస్తే, రబ్బరు ఆనిన చోటల్లా తెల్లటి గీత పడుతుంది. గీత లేకపోతే అక్కడ సందు ఉన్నట్టే. చుట్టూ చక్కగా పడింది, కింద ఎడమ మూల మాత్రం జానెడు మేర పడలేదు. అక్కడ వేలుపెట్టి చూస్తే గట్టిగా ఏదో తగిలింది. లాగితే నల్లతాడు. లారీలకి కడతారే, ఆ దిష్టితాడు. ఒక కొన లోపల మ్యాట్ కింద కొక్కేనికి ముడివేసి ఉంది, రెండోది బీడింగ్ కిందుగా వెళ్ళి నంబర్ ప్లేటు వెనక వేలాడుతోంది. నల్ల బంపర్ మీద నల్లతాడు, ఎవరికి కనిపిస్తుంది?

గ్రేస్ మొహం పాలిపోయింది.

"నువ్వేనా అమ్మా కట్టింది?"

"నేనే బావగారూ. కప్పు తెచ్చిన మర్నాడు. బయట కడితే చర్చిలో పెద్దోళ్ళు చూసి ఏమన్నా అంటారని, లోపల్నించి దూర్చి కట్టా."

"ఎవరి దిష్టికి?"

"చెప్పమంటారా? మీ దిష్టికే. ఆ రోజు కప్పు చూసి, కాఫీ పెడుతున్నా అంటే వినకుండా వెళ్ళిపోయారు. మీ మొహం నేను చూశా."

ఒళ్ళు మండిపోయింది. కానీ తను అన్నది నిజమే. "కుళ్ళేనమ్మా. కాదనను. బండి అమ్మేస్తే బాగుండునని పొద్దున కూడా అనుకున్నా" అన్నాను.

"మరెందుకు వెతికారు? దొరకలేదంటే సరిపోయేదిగా?"

"పామర్రులో మూత తిప్పలేకపోయాడు. అది చూశాక ఇంకేం అనుకోలేదు."

ఆ మాటకి తను ఏడ్చేసింది. "ఆయనకేం కాకూడదని కట్టా. ఆయన ప్రాణం మీదికే తెచ్చానా!"

ఏడుపు విని జోయెల్ బయటికొచ్చాడు. తనే దాచకుండా చెప్పేసింది. "ఎవరి దిష్టి?" అని అతనడిగితే, "నాదే" అన్నాను నేను. అతను పగలబడి నవ్వాడు. "అన్నయ్యగారికి నా మీద కుళ్ళా? ఊరుకో గ్రేస్!" అన్నాడు. ఎంత చెప్పినా నమ్మలేదు. అంత తేలిగ్గా నవ్వగలిగినందుకు మళ్ళీ నాకు కడుపుమంట.

తాడు తీసేసి, బీడింగ్ సర్ది, మళ్ళీ పౌడర్ చల్లితే గీత చుట్టూ పూర్తిగా పడింది. అద్దాలు దించుకుని పామర్రు దాకా వెళ్ళొచ్చాం. వరిచేల వాసన తప్ప మరేం రాలేదు. కల్వర్టు మలుపులో అతను గేరు మార్చిన తీరు చూశాను, నాకు చేతకాదు అది. పక్క సీట్లో కూర్చుని పళ్ళు నూరుకున్నాను. అమ్ముడుపోవాల్సిన బండిని చేతులారా బాగుచేసి ఇచ్చాను మరి.

కూడిక అయ్యాక, మర్నాడు షాపు తెరవాలని నేనొక్కణ్ణే బస్సుకి బయల్దేరుతుంటే గ్రేస్ గేటు దాకా వచ్చింది. "శనివారం మీరూ చెన్నై వెళ్ళండి బావగారూ. తలనొప్పి వచ్చినా ఆయన నాతో చెప్పడు. మీకైతే చెప్పక్కర్లేదు. మీరు ఆయన్ని చూసినంతగా నేను కూడా చూడను" అంది. ఉదయం దాకా నా చూపుకి భయపడ్డ మనిషి అన్న మాట అది. వెళ్తానని చెప్పి బస్సెక్కాను.

కుళ్ళు మంచి గుణమని నేననను, పోయిందనీ చెప్పను. కానీ కుళ్ళుకునేవాడు ఎదుటివాడి మీంచి కన్ను తిప్పడు. నాకున్న ఆ జబ్బు ఒక్కరోజైనా ఒకరికి పనికొచ్చింది. మీరూ పాత బండిలో ఈ దారిన వెళ్తుంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. లోపల పొగ వాసన వచ్చినా, వాసన లేకుండానే తల దిమ్మెక్కినా, వెంటనే ఆపి కిందికి దిగిపోండి. తర్వాత పౌడర్‌తో డిక్కీ బీడింగ్ చూసుకుని, దారి దొరికేదాకా ఆ బండి ఎక్కకండి. శనివారం ట్రాక్ మీద అద్దం దించి జోయెల్ చుట్లు తిరుగుతుంటే, నేను గోడ పక్కన నిలబడి ప్రతి చుట్టుకీ అతని మొహం చూస్తూనే ఉన్నాను. ఇంకో కప్పు తెచ్చాడు. తలనొప్పి మాత్రం లేదు.