పిన్‌కోడ్ కోసం రెండు బ్రాకెట్లు

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మధురవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. నా పక్క కుర్చీలో కూర్చునే మిత్రుడిది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. ఇద్దరం ఒకేరోజు చేరాం. ఆ సాయంత్రానికే నన్ను బావ అని పిలవడం మొదలుపెట్టాడు.

వన్ టౌన్‌లో మిరపకాయలు, పప్పులు హోల్‌సేలుగా అమ్మే దుకాణానికి మేమిద్దరం ప్రోగ్రాం రాస్తున్నాం. పిన్‌కోడ్ తప్పు పడి సరుకు వేరే ఊరికి పోతోందని యజమాని బాధ. అందుకని, కొత్త చిరునామా ఎక్కించినప్పుడల్లా పిన్‌కోడ్‌ను దానంతటదే పరీక్షించే ట్రిగ్గర్ ఫంక్షన్ రాయడానికి కూర్చున్నాను.

వీధి, ఊరు, పిన్‌కోడ్ మూడింటినీ కలిపి ‘చిరునామా’ అని ఒకే గడిలో పెట్టాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ ఫంక్షన్‌లో కొత్త వరుస, చుక్క, చిరునామా, చుక్క, పిన్‌కోడ్ అని రాస్తే డేటాబేస్ ఒప్పుకోలేదు. చిరునామా అనే టేబులే లేదంటుంది. స్పెల్లింగులు మార్చి చూశాను. మొత్తం చెరిపి మళ్లీ రాశాను. భోజనాల వేళ దాకా అదే మాట.

మిత్రుడు క్యారేజీ విప్పి, వాళ్లమ్మ వండిన కోనాం చేపల పులుసు నా అన్నంలో వేసి, స్క్రీన్ వైపు చూశాడు.

“అన్నీ ఒక్కసారే అడగతన్నావు బావా. అందుకే అది సిరునామాని టేబుల్ అనుకుంటంది. ముందు అక్కడిదాకా బ్రాకెట్లో పెట్టు. ఆ తర్వాత లోపలున్న పిన్‌కోడ్ అడుగు,” అన్నాడు.

ఎడమచేత్తోనే ‘కొత్త వరుస, చుక్క, చిరునామా’ చుట్టూ బ్రాకెట్లు పెట్టి, బయట చుక్క, పిన్‌కోడ్ అని కొట్టాను. ఫంక్షన్ నడిచింది. ఆ సంతోషంలో పులుసు మళ్లీ వేయించుకున్నాను. పిన్‌కోడ్ తప్పయితే తెర మీద ఏం కనబడాలో అతనే సరదాకి రాశాడు, ఇంగ్లీషు అక్షరాల్లో: ‘పిన్ తప్పు, ఓపాలి సూడండి.’ తర్వాత మారుద్దామనుకుని మరిచిపోయాం.

ఆ వారమే ప్రోగ్రాం పెట్టి చూపించడానికి అతని బండి మీద వన్ టౌన్ వెళ్లాం. దుకాణంలో బిల్లులు కొట్టే ఆవిడ పిన్‌కోడ్‌లో ఒక అంకె వదిలేసింది. వెంటనే ఆ మాటలు తెర మీదకొచ్చాయి. ఆవిడ పైకి చదివి నవ్వింది. బస్తాల వెనక నుంచి యజమాని వచ్చి చూశాడు. రేపటికల్లా మార్చేస్తామన్నాను.

“మార్చడం ఎందుకండీ? మన మాటే కదా. ఉండనీండి,” అని మా ఇద్దరికీ టీ చెప్పాడు.

బయటికొచ్చేసరికి చొక్కాలకు మిరప ఘాటు పట్టేసింది. తుమ్ముకుంటూ, నవ్వుకుంటూ మధురవాడ దాకా వచ్చాం.