జైనల్‌కు వేసిన కుర్చీ

మా ఆయన ఫింటన్ హెర్న్ గురించి మా ఊరు వాటర్‌ఫర్డ్‌లో ఎవర్ని అడిగినా, కిల్‌కోహన్ మైదానంలో డబ్లిన్ వాళ్ల మీద తలతో కొట్టిన గోల్ గురించే చెబుతారు. చెప్పేవాళ్లలో సగం మంది ఆ రోజు మైదానంలో లేనే లేరు. ఆ మాటంటే మీదపడి కొడతారు కాబట్టి నేను అనను. ఆట ఎందుకు మానేశాడని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు. "మలేసియాలో మోకాలు పోయింది, పాపం." మోకాలు అక్కడే పోయిన మాట నిజమే. మనిషి కూడా అక్కడే పోయాడని నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

పుట్టింది మా ఊళ్లోనే, బాలీబ్రికెన్ పేటలో. తండ్రి పందుల బేరగాడు. సంతలో కర్ర ఊపుతూ అరిచే ఆ గొంతు వీధి చివరికి వినిపించేది. కొడుకు గొంతు ఇంట్లో కూడా వినిపించదు. పదిహేడేళ్లకే ఊరి జట్టులో చేరాడు. తరవాత ఇంగ్లండులో చిన్న చిన్న క్లబ్బులకు ఎనిమిదేళ్లు బురదలో ఆడాడు. తిరిగొచ్చి, బేకరీలో రొట్టెలమ్ముకునే నన్ను చేసుకున్నాడు. ముప్పై మూడు దాటింది, ఇక ఆట చాలించి ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటాడని నేను నిమ్మళంగా ఉన్న సమయంలో మలేసియా నుంచి, ఇపో అనే ఊరి జట్టు నుంచి పిలుపొచ్చింది.

"నీ వయసెంతో వాళ్లకి చెప్పావా?" అన్నాను.

"అడగలేదు."

"ఆ ఎండకి నీ తోలు ఊడొస్తుంది."

"కింద కొత్తది ఉంటుందిలే," అన్నాడు.

పిల్లలు చిన్నవాళ్లు. నేను కదల్లేదు. ఆదివారం పూట ఫోను చేసేవాడు. "బ్రీడా, ఇక్కడ వాన చూస్తే మన వాన సిగ్గుతో చచ్చిపోతుంది," అనేవాడు. గోల్స్ కొడుతున్నాడని, పిల్లలు వెంటపడి సంతకాలు అడుగుతున్నారని చెప్పేవాడు. ఆ గొంతులో అంత హుషారు నేను పెళ్లికి ముందు విన్నాను, మళ్లీ అప్పుడే విన్నాను. అసూయ పడలేదని చెప్పను. ఇక్కడ నేను ఒక్కదాన్నే బొగ్గుల బస్తా మోసుకుంటుంటే ఆయన అక్కడ కుర్రాడైపోతున్నాడు.

రెండో ఏడాది ఒక వారం ఫోను రాలేదు. పై వారం మనిషే వచ్చాడు, రెండు చంకల కింద రెండు కర్రలతో.

డబ్లిన్‌లో పెద్ద డాక్టరు చూశాడు. మోకాల్లో నరం తెగిందని, కోసి కుట్టి జాగ్రత్తగా ఉంటే ఏడాదికల్లా పరిగెత్తవచ్చని చెప్పాడు. మా ఊరి జట్టువాళ్లు కూడా ఇంటికొచ్చి, ఒక్క సీజన్ ఆడి మర్యాదగా ఇక్కడే సెలవు తీసుకొమ్మని బతిమాలారు. ఈయన వాళ్లకి టీ పోసి ఇచ్చాడు, వాన గురించి మాట్లాడాడు, పంపేశాడు. ఆపరేషన్‌కి వద్దంటే వద్దన్నాడు. నేను అరిచాను, ఏడ్చాను, వాళ్ల అమ్మ ఆత్మ మీద ఒట్టు పెట్టాను. "అక్కర్లేదు, బ్రీడా," అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు. మోకాలు అలాగే బిగుసుకుపోయింది. రేవు గేటు దగ్గర కూర్చుని లారీలు లెక్కపెట్టే పని దొరికింది.

నవంబరు రెండున మా చచ్చిపోయినవాళ్లు ఇంటికొస్తారు. ఆ సాయంత్రం ముందుగది ఊడ్చి, గోడ పొయ్యిలో నిప్పు వేసి, దాని ముందు ఒక్కొక్కరికి ఒక్కో కుర్చీ వేస్తాం. తలుపు గడియ పెట్టకుండా పడుకుంటాం. చాలా ఇళ్లల్లో ఇప్పుడు మానేశారు. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ మాననివ్వలేదు, పోయాక ఆవిడే వచ్చేవాళ్లలో ఒకరైంది కాబట్టి మానడానికి మాకు ధైర్యం చాలలేదు.

ఆయన తిరిగొచ్చిన ఏడాది, ఆ రోజు పొద్దున నేను పెనం మీద పంది ముక్కలు వేయబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఇవాళ వద్దు. ఇంట్లోనే వద్దు."

"పందుల బేరగాడి కొడుక్కి ఇదేం రోగం? మీ నాన్న వింటే సమాధిలోంచి లేచొస్తాడు."

"ఎలాగూ ఇవాళ వస్తాడుగా," అన్నాడు. నవ్వలేదు.

సాయంత్రం కుంటుకుంటూ కుర్చీలు వేశాడు. తండ్రికి ఒకటి, తల్లికి ఒకటి. మళ్లీ వంటగదిలోకి వెళ్లి ఇంకోటి ఈడ్చుకొచ్చాడు.

"ఇదెవరికి?"

"జైనల్‌కి."

"జైనలెవడు?"

"గోల్‌కీపరు. నేను చంపినవాడు."

 ఆయన కుర్చీని నిప్పుకు ఎదురుగా తిప్పి, దాని వీపు మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. అంత పొడుగు మాట మా కాపురంలో అదొక్కటే.

"వాన. మైదానమంతా చెరువైపోయింది. బంతి మా ఇద్దరి మధ్య నీళ్లలో ఆగిపోయింది. అది వాడి బంతి, బ్రీడా. వాడిదేనని నాకు తెలుసు. ఆగాలనుకుంటే ఆగేవాణ్ని. ఆగితే ముసలాడైపోయాడంటారని ఆగలేదు. నా మోకాలు వాడి తలకి తగిలింది. ఆ చప్పుడు... వాన చప్పుడులో కూడా వినపడింది. వాడు మళ్లీ కదల్లేదు. ఆస్పత్రిలో తెర అవతల ఆడవాళ్లు ఏడ్చారు. ఎవరో పెద్దాయన వాళ్ల ప్రార్థన చదివాడు. మూడో రోజు నన్ను విమానం ఎక్కించేశారు."

"పోయాడని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"నువ్వడగలేదా?"

"అడిగితే చెప్తారుగా," అన్నాడు.

ఆపరేషన్ సంగతి నాకప్పుడు అర్థమైంది. అయినా అడిగాను. "వాడు లేవలేదు," అన్నాడు. "నేను మోకాలు కుట్టించుకుని పరిగెత్తాలా?"

ఆ ముఖం చూసినవాళ్లెవరికీ ఆ చావు మీద అనుమానం రాదు. నాకూ రాలేదు. ఆ రాత్రి నుంచి జైనల్ మా ఇంట్లో ఒకడయ్యాడు. పెద్ద వాన పడితే ఈయన పెరటి తలుపు తీసి అక్కడే నిలబడేవాడు. తలుపు మూయమంటే "ఉండు" అనేవాడు, ఎవరో వస్తుంటే వాళ్ల కోసం పట్టుకుని నిలబడ్డట్టు. శనివారం రేడియోలో ఆటల ఫలితాలు రాగానే లేచి బయటికి పోయేవాడు. ఏటా నవంబరు రెండున, జైనల్ ముస్లిం కాబట్టి పంది ముక్కలు బంద్, మూడు కుర్చీలు. మా అత్తమామల కుర్చీలంటే నాకేం భయం లేదు, బతికుండగానే వాళ్లతో పోట్లాడినదాన్ని. ఆ మూడో కుర్చీ అంటే హడలు. తెల్లారి వెలుగొచ్చేదాకా మెట్లు దిగేదాన్ని కాదు. ఎప్పుడూ చూడని మనిషి, తల నుంచి వాన నీళ్లు కారుతూ, మా నిప్పు ముందు కూర్చున్నట్టే ఉండేది. ఎందుకొచ్చావని నేను అడగలేను. మా ఆయన్ని వదిలెయ్యమని కూడా అడగలేను.

ఇలా నాలుగేళ్లు గడిచాయి. ఐదో ఏడు అక్టోబరు చివర, సిస్టర్ కొలంబా మా బేకరీకి వచ్చింది. మా పక్క వీధి మార్గరెట్‌కి పిన్నమ్మ. ముప్పై ఏళ్లుగా మలేసియాలో కాన్వెంటు బడి నడుపుతోంది, సెలవు మీద వచ్చింది. ఏ ఊళ్లో అని అడిగితే ఇపో అంది. రొట్టెలు సంచిలో వేయడం ఆపి అడిగాను.

"సిస్టర్, అక్కడ ఒక గోల్‌కీపరు పోయాడు కదా, ఆటలో దెబ్బ తగిలి. వాళ్లింట్లో వాళ్లు ఎలా ఉన్నారో మీకేమైనా తెలుసా?"

"ఎవరమ్మా పోయింది?"

"జైనల్ అని."

"జైనలా? నిక్షేపంగా ఉన్నాడుగా! ఇద్దరు కూతుళ్లూ మా బళ్లోనే. మొన్న నేను బయల్దేరే ముందు కూడా వచ్చి, పెద్దదాని లెక్కల మార్కుల గురించి నాతో పోట్లాడి వెళ్లాడు."

"తలకి దెబ్బ తగిలింది కదా సిస్టర్?"

"తగిలింది. రెండు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. పై సీజన్‌లో మళ్లీ గోల్ ముందే నిలబడ్డాడుగా. మొన్న మొన్నటిదాకా ఆడాడు. ఎవరమ్మా నీకు పోయాడని చెప్పింది?"

నెత్తిన పాలు పోసినట్టయింది నాకు. కళ్ల నీళ్లు ఆగలేదు, ఆవిడ కంగారు పడిపోయింది. ఆ తెర అవతల ఏడ్చింది ఇంకెవరికోసమో. ఆస్పత్రి అన్నాక ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. పరిగెత్తి రేవు గేటు దగ్గరికి పోయి చెప్పేద్దామని కొట్టు బల్ల దాటి వచ్చేశాను. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను.

ఏమని చెప్పాలి? వాడు బతికే ఉన్నాడని చెబితే, పై సీజన్‌లోనే ఆడాడని కూడా చెప్పాలి. వాడు లేచి గెంతుతున్న రోజుల్లో ఈయన ఇక్కడ కూర్చుని కాలు బిగుసుకుపోనిచ్చాడు. ఇప్పుడు ఈయనకి ముప్పై తొమ్మిది. ఏ డాక్టరూ ఆ రోజులు తెచ్చివ్వలేడు. ఇన్నాళ్లూ ఆయన పోగొట్టుకున్నదానికి ఒక అర్థమన్నా ఉంది. ఆ ఒక్కటీ లాగేసుకుంటే మిగిలేదేంటి? చెప్పకూడదనే అనుకున్నాను. సిస్టర్‌కి కూడా చేతులు పట్టుకుని చెప్పాను, ఎవరితోనూ అనొద్దని. వారం రోజులు నోరు కట్టేసుకున్నాను. నా నోరు గురించి తెలిసినవాళ్లకి అదెంత కష్టమో తెలుస్తుంది.

నవంబరు రెండు రానే వచ్చింది.  బతికున్న మనిషికి ఆ రోజు కుర్చీ వేయకూడదు. వేస్తే ఏడాది తిరక్కుండా వాడే వచ్చి కూర్చుంటాడని మా వాళ్ల నమ్మకం. ఇన్నేళ్లూ తెలియక వేశాం. ఈసారి నాకు తెలుసు. ఎక్కడో ఇద్దరు ఆడపిల్లల తండ్రి, కూతురి మార్కుల కోసం గొడవపడే మనిషి.

చీకటి పడుతుండగా ఫింటన్ రెండు కుర్చీలు వేసి, మూడోదాని కోసం వంటగదిలోకి వచ్చాడు. నేను దాని వీపు పట్టుకున్నాను.

"వెయ్యకు."

"వదులు, బ్రీడా."

"వెయ్యకు, ఫింటన్. వాడు చావలేదు."

మా ఇద్దరి చేతుల మధ్య కుర్చీ అలాగే ఉంది. బేకరీలో విన్నదంతా చెప్పాను. ఆస్పత్రి, కూతుళ్లు, లెక్కల మార్కులు. ఆట సంగతి మాత్రం మింగేశాను. అడిగితే తెలియదని చెబుదామని అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాను.  ఆయన ఒక్కటే అడిగాడు.

"మళ్లీ ఆడాడా?"

నేను అబద్ధం చెప్పలేకపోయాను. ఆయనేదో దేవుణ్ని అడిగినట్టు అడిగాడు.

"ఆడాడు," అన్నాను.

"ఎప్పుడు?"

"పై సీజన్‌లోనే."

తల ఊపాడు. "మంచి కీపరు," అన్నాడు. ఆ తరవాత నా చేతుల్లోంచి కుర్చీ మెల్లగా విడిపించుకుని, ముందుగదిలోకి తీసుకెళ్లి, తల్లిదండ్రుల కుర్చీల మధ్య వేసి, అందులో తనే కూర్చున్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "లే! నీకేమన్నా పిచ్చా? ఇవాళ ఇక్కడ కూర్చోకూడదు, లే!" అని రెండు చేతులా పట్టి లాగాను. ఆయన బరువుకి నేను సరిపోను. తలుపు గడియ తీసే ఉంది, బయట వాన మొదలైంది. ఆ రెండు ఖాళీ కుర్చీల మధ్య మా ఆయన, నిప్పు వెలుగులో, వాళ్లలో ఒకడిలాగే ఉన్నాడు. నేను భోరుమన్నాను.

ఆయన బిగుసుకుపోయిన కాలిని రెండు చేతులతో ఎత్తి నిప్పు వైపు చాపాడు. పళ్లు బిగపట్టాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"కాసేపు ఉండనీ, బ్రీడా," అన్నాడు. "కాలు నొప్పిగా ఉంది."

ఆ కాలు నొప్పని ఆయన అనడం ఇన్నేళ్లలో అదే మొదటిసారి. నేను కింద కూర్చుని మోకాలు ఒళ్లో పెట్టుకున్నాను.